తెర బయటి తల

లస్మయ్యకు తలను తెర లోపల ఉంచుకోవడం చేతకాదు. ప్రాంప్టరు అనేవాడు చాటున నిలబడి, నటులకు మాత్రమే వినబడేలా మాట అందించాలి. లస్మయ్య మాత్రం తెర పక్కనుంచి తలను జానెడు బయటికి పెట్టి, నోరు బావిలా తెరిచి, హీరో అనాల్సిన మాటను హీరో కంటే ముందే జనానికి చెప్పేస్తాడు.

సూరత్‌లోని డిండోలి తెలుగు నాటక సమాజానికి ఇరవై ఏళ్లుగా ఆయనే ప్రాంప్టరు. అన్నేళ్లుగా దాని రచయిత, దర్శకుడు, కుర్చీలు వేసే మనిషి కూడా కమలాకరే. ఆ తల పెట్టిన తలనొప్పి ఇంతా అంతా కాదని కమలాకర్ ఎవరు కనబడినా చెప్పుకునేవాడు.

ఒకసారి హీరో చచ్చిపోయే సీను. శివకృష్ణ గుండె పట్టుకుని కుప్పకూలాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. సరిగ్గా అప్పుడే తెర పక్కనుంచి తల వచ్చింది.

"ఓ పిలగా! ఇంకో మాటున్నది. చెప్పి సావు!"

శవం లేచి కూర్చుంది. "అమ్మను పైలంగ చూసుకోండ్రి" అంది. మళ్లీ పడుకుంది.

ఇంకోసారి హరిణి వంతు. ఆ పిల్ల పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. తెలుగు మాటలను గుజరాతీ అక్షరాల్లో రాసుకుని బట్టీపడుతుంది. "అత్తా, నీ కళ్లకు మొక్కుతా" అంది.

"కాళ్లు! కాళ్లు!" అని తల అరిచింది.

ముందు వరుసల్లోని ముసలివాళ్లు పామేదో వచ్చిందనుకుని కాళ్లన్నీ కుర్చీల మీదికి ఎత్తుకున్నారు.

"కమలాకర్ అంకుల్, యార్, జనం నన్ను చూస్తలేరు, లస్మయ్య తాతనే చూస్తున్నరు" అని హరిణి ఏడ్చింది.

స్టేజీ దిగినా ఆ నోరు ఊరుకోదు. సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఎవరి పెళ్లికో వెళితే, పంతులు మంత్రం మధ్యలో దగ్గాడు. తర్వాతి ముక్క మూడో వరుసలోంచి లస్మయ్య అందించాడు.

కమలాకర్‌కు ఈ మధ్య నవ్వు కూడా రావడం లేదు. ఆయన తండ్రి తరం సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వచ్చినప్పుడు, మగ్గాలు ఆగిన రోజున కార్ఖానా వసారాలో నాలుగు చీరలు తెరగా కట్టి మొదలుపెట్టిన సమాజం అది. ఊరికి పోలేనివాళ్లు ఆ రెండు గంటలూ ఊళ్లో ఉన్నట్టే కూర్చునేవారు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరి తల్లి పోయినా, కబురు అక్కడే తెలిసేది. ఇప్పుడు పడుచువాళ్లు వస్తే ఫోన్లు చూస్తారు. నమ్మకంగా వచ్చేది ముందు మూడు వరుసల ముసలివాళ్లే. వాళ్లయినా నటుడు నోరు తెరవకముందే నవ్వేస్తారు. తన నాటకాలు వాళ్లకు అంత పాతబడిపోయాయని కమలాకర్ దిగులు.

"ఇగ చాలు. ఇదే ఆఖరి నాటకం" అనుకున్నాడు. ఆఖరిదైనా ఒక్కసారి తల లేకుండా ఆడించాలనుకున్నాడు. నటుల చొక్కాలకు పెట్టే మైకులు తెప్పించాడు.

"కాకా, ఈసారి నువ్వు గేటు కాడ ఉండు. ప్రాంప్టింగ్ అక్కరలేదు" అన్నాడు.

"అట్లనే బిడ్డా" అన్నాడు లస్మయ్య. మారుమాట లేకుండా ఒప్పుకున్నందుకు కమలాకర్‌కే కొంచెం భయమేసింది.

ఆదివారం మధ్యాహ్నం, నవాగామ్ హాలు. మైకులు గంటల్లా మోగుతున్నాయి. హరిణి ఒక్క తప్పు లేకుండా చెబుతోంది. కమలాకర్ మురిసిపోతూ తెర సందులోంచి జనం వైపు చూశాడు.

ముందు మూడు వరుసలూ వీపులే. బుచ్చవ్వ, అంబదాస్, అందరూ స్టేజీకి వీపు పెట్టి వెనక్కి తిరిగి కూర్చున్నారు. అంబదాస్ పొట్ట పట్టుకుని మరీ నవ్వుతున్నాడు.

నాటకం చస్తుందని కమలాకర్‌కు తెలుసు. ఇలా వీపు చూసి చస్తుందని మాత్రం అనుకోలేదు. పక్క తలుపులోంచి బయటపడి, హాలు చుట్టి వెనకున్న గేటు దగ్గరికి ఉరికాడు.

అక్కడ లస్మయ్య నిలబడి నాటకమంతా ఆడుతున్నాడు. హరిణి మాటకు కనుబొమలు ఎగరేస్తున్నాడు, శివకృష్ణ మాటకు మీసం తిప్పుతున్నాడు. నోరు బావిలా తెరుచుకుని మూసుకుంటోంది. గొంతు మాత్రం లేదు.

"ఏందిది కాకా?"

లస్మయ్య చెయ్యెత్తి ఆపి, హరిణి మాట పూర్తిచేసి, అప్పుడు తిరిగాడు.

"నలభై ఏండ్లు మగ్గాల మోతల పనిజేసినోళ్లు బిడ్డా. చెవులు ఏడ మిగుల్తయి? కార్ఖానల ఒకని మూతి జూసి ఒకడు మాట్లాడుకున్నం. మైకు పెడితె వాళ్లకు మోతనే, మాట గాదు. పాపం, నన్ను దేవులాడుకుంట ఎనుకకు తిరిగిండ్రు."

కమలాకర్ ఆ మూడు వరుసల ముఖాల వైపు తిరిగి చూశాడు.

"ఇన్నేండ్లు చెప్పలేదేంది? అందరు నిన్ను జూసి నవ్విరి గద!"

"చెప్తె బుచ్చవ్వకు చెవుడని డిండోలంత తెలుస్తది. నాకు నోరెక్కువని తెలిస్తె ఏం పోయింది?"

కమలాకర్ గేటు దగ్గరి కుర్చీ చంకన పెట్టుకున్నాడు. రెండో చేత్తో లస్మయ్యను పట్టుకుని, నాటకం నడుస్తుండగానే హాలు నడుమ నుంచి తీసుకెళ్లి, స్టేజీ అంచున, లైటు బాగా పడేచోట కూర్చోబెట్టాడు. మూడు వరుసల కుర్చీలూ చప్పుడు చేస్తూ ఇటు తిరిగాయి. హరిణి ఆగింది. లస్మయ్యనూ, ఆయన నోటినే చూస్తున్న ముసలి ముఖాలనూ చూసింది. ఆ సీను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి నెమ్మదిగా, ముందు వరుసలకు ఎదురుగా, నోరు బాగా తెరిచి.

బుచ్చవ్వ నవ్వు చివరి వరుసదాకా వినిపించింది. పడుచువాళ్లు ఫోన్లలోంచి తలలెత్తి, ఏమైందని చూశారు.

నాటకం అయిపోయి హాలు ఖాళీ అయ్యాక ఇద్దరూ కుర్చీలు మడిచారు.

"కమలాకరూ, మల్లొచ్చే నాటకంల నాకు గూడ ఏదన్న వేషం ఇయ్యరాదు?"

"నీ నోరు పట్టేటంత వేషం నేనింక రాయలే కాకా."

"రాయి మరి" అన్నాడు లస్మయ్య.

"రాస్త తీయ్" అనేశాడు కమలాకర్. అనేశాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.