కట్టని హాల్లో రిహార్సళ్లు

నాటకంలో నాది కనిపించని ఉద్యోగం. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, నటుడు మాట మరిచిపోయే క్షణం కనిపెట్టి, మొదటి ముక్క అందించేవాణ్ణి. ప్రాంప్టరు అంటారు. మంచి ప్రాంప్టరు వాక్యమంతా చెప్పడు. ఒక్క పదం చెప్తాడు, అదీ అవసరమైతేనే. మిగతా సమయమంతా నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ పని నాకు బాగా కుదిరింది. పగలు ఆఫీసులో చేసేదీ ఇంచుమించు అదే. ఎవరో రాసింది టైపు చేయడం, చేసింది మరిచిపోవడం.

నాటకాల పిచ్చి మా బావది. బావంటే మా అక్క భర్త. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. హార్బరులో ఓడల సరుకు ఎత్తే వించి నడిపేవాడు. మాది చర్చి కుటుంబం. వన్ టౌన్‌లో రిక్షా కూడా తిరగని సందులో వాళ్లిల్లు, వాళ్ల పక్క వాటాలో పెళ్లీ పెటాకులూ లేని నేను. క్రిస్మస్‌కి పిల్లల చేత గొర్రెల కాపరుల వేషాలు వేయించడంతో మొదలుపెట్టి, డెబ్బైల్లో బావ సొంతంగా ఒక నాటకం రాశాడు. రాసింది ఒక్కటే. వేటకి వెళ్లిన కొడుకు తిరిగి రాడు. అతని తెప్ప మాత్రం దొరుకుతుంది. నలుగురు మనుషులు దాన్ని భుజాల మీద మోసుకొచ్చి దింపుతారు. గుడిసె గుమ్మంలో కూర్చున్న తండ్రి లేచి ఆ తెప్ప దగ్గరికి నడుస్తాడు. మాటల్లేవు, పాటల్లేవు. పదకొండు అడుగులు. మిగిలిన గంటన్నర నాటకం ఆ నడక కోసమే రాసినట్టుండేది.

మొదటిసారి చర్చి హాల్లో ఆడాం. దుంగలతో కట్టిన నిజమైన తెప్పే కావాలని బావ పట్టుబట్టాడు. దాన్ని దింపేసరికి స్టేజి నిండిపోయింది. తండ్రి వేషం వేసినాయన లేచి, నాలుగో అడుగులోనే మోకాలు దుంగకి కొట్టుకుని "అబ్బా" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కింద కూర్చుని ఉంటే నేనూ నవ్వేవాణ్ణే. బావ మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"ఈ ఊళ్లోనే, ఈ జనం ముందరే, సరైన స్టేజి మీద ఒక్కసారి ఆడాల. ఒక్కసారి సాలు. అందాకా ఇంకెక్కడా ఆడను" అన్నాడు.

సరిగ్గా ఆ ఏడే ఊరి నడిబొడ్డున పెద్ద హాలు కడతామన్నారు. నాటకాలకీ, సభలకీ, కచేరీలకీ. ఒక పెద్దమనిషి వచ్చి శంకుస్థాపన చేసి, దండలు వేయించుకుని వెళ్లాడు. మా ఆఫీసుకీ ఆ హాలుకీ కాస్త సంబంధం ఉంది, అంతకంటే చెప్పను. పనికిరాదని పక్కన పడేసిన బ్లూ ప్రింట్ కాపీ ఒకటి నేను ఇంటికి తెచ్చాను. బావ దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇత్తడి గ్లాసులు పెట్టాడు. స్టేజి వెడల్పు నలభై అడుగులు. బావ చూపుడు వేలిని ఆ గీత మీద అటూ ఇటూ నడిపించాడు. "తెప్ప పడతాది, గుడిసె పడతాది, మజ్జిన నడక పడతాది" అన్నాడు. అప్పుడాయన మొహం చూసి నాకూ సంతోషం వేసింది. మా అక్క మాత్రం గ్లాసులు ఎప్పుడిస్తారని అడిగింది.

ఆదివారం చర్చి అయ్యాక, ఎండ తగ్గగానే ఆ స్థలానికి వెళ్లేవాళ్లం. ప్లానులో స్టేజి ఎక్కడుందో టేపుతో కొలిచి, బావ అక్కడే సున్నంతో గీతలు గీసేవాడు. ఇది గుమ్మం, ఇది తెర, ఇది ప్రాంప్టరు స్టూలు. ఇంకా కట్టని హాల్లో నా చోటు కూడా ఖాయమైపోయింది. శంకుస్థాపన రాయి సరిగ్గా ప్రేక్షకుల మొదటి వరసలో పడింది, ముఖ్య అతిథి కుర్చీలాగా. దాని మీద మేకలు ఎక్కి కూర్చునేవి.

పని ఇదిగో మొదలవుతుంది, అదిగో మొదలవుతుంది అన్నారు. మొదట సిమెంటు దొరకలేదన్నారు. అది దొరికే నాటికి శంకుస్థాపన చేసిన పెద్దమనిషికి పదవి పోయింది. కొత్తగా వచ్చినాయనకి పాతాయన రాయి మీద కట్టడం నచ్చలేదు. నాలుగు బారల దూరంలో ఇంకో రాయి వేశాడు. మొదటి వరసలో ఇప్పుడు ఇద్దరు ముఖ్య అతిథులు. తర్వాత స్థలంలో సగం మాదని ఇంకో శాఖవాళ్లు వచ్చి ముళ్లకంచె వేశారు. అది తేలేసరికి మూఢం వచ్చింది. మూఢం వెళ్తే ఆషాఢం, ఆషాఢం వెళ్తే వాన, వాన వెళ్తే ఎన్నికలు. మా ఇంట్లో ముహూర్తాల పట్టింపు లేదు. అయినా ఆ ఏళ్లలో బావ ప్రతి ఉగాదికీ పంచాంగం కొని తెచ్చి నా చేత చదివించేవాడు. ఒక గాలివానకి సున్నం గీతలు కొట్టుకుపోతే వారం తిరక్కుండా మళ్లీ గీశాడు.

ఈలోగా స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాయి. సిమెంటు లారీలు వరసగా అటే పోయేవి. "అంత సిమెంటు పోతంది కదా, దార్లో మనకి ఒక్క గోడకి సరిపడా ఒలిగిపోదేటి" అనేవాడు బావ.

తండ్రి వేషానికి ఒక పెద్దాయన దొరికాడు. ఒడ్డున పల్లెలో ఉండేవాడు, నిజంగానే వేటకి వెళ్లేవాడు. చదువు రాదు. ఆయనకి మాటలన్నీ నేనే నోటితో చెప్పి నేర్పాను. ఒక్కసారి వింటే చాలు, పట్టేసేవాడు. కానీ నడక దగ్గర ఒప్పుకోలేదు.

"తెప్ప ఒచ్చీసిందని తెలిసినాక ఏ తండ్రయినా నడుత్తాడేటి మేస్టారూ? పరిగెడతాడు" అన్నాడు.

బావ తల అడ్డంగా ఊపాడు. "నడుత్తాడు మావా. తెప్ప కాడికి ఎల్లీదాకా కొడుకు బతికే ఉంటాడు. అందికే బేగి ఎల్లడు" అన్నాడు.

పెద్దాయన వెళ్లి గుమ్మం గీత దగ్గర కూర్చున్నాడు. లేచాడు. నడిచాడు. మూడో అడుగుకి ఆగి పంచె సర్దుకున్నాడు. ఏడో అడుగుకి తెప్ప వైపు కాకుండా పక్కకి చూశాడు, అటెవరో పిలిచినట్టు. తెప్ప మోసిన నలుగురిలో ఒకడు మొహం తిప్పేసుకున్నాడు. కంచె అవతల రిక్షా ఆపుకుని చూస్తున్నవాడు బెల్లు మీద చేయి తీయడం మరిచిపోయాడు. ఇక ఆ వేషం ఇంకెవరూ వేయలేరని మాకందరికీ ఆ సాయంత్రమే తెలిసిపోయింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకు నాటకం కంటే రిహార్సలే ఇష్టం. వారమంతా నేను ఆదివారం కోసమే బతికేవాణ్ణి. రిహార్సలు అయ్యాక ఆ రాళ్ల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. పెద్దాయన సముద్రం కబుర్లు చెప్పేవాడు, బావ నన్ను వెక్కిరించేవాడు. సరైన స్టేజి ఎక్కాక బావ దాన్ని మళ్లీ ముట్టుకోడు. ఒకసారి ఆడితే ఈ సాయంత్రాలన్నీ అయిపోతాయని నాకు తెలుసు. మళ్లీ నేనూ, నా గదీ, నా స్టవ్వూ.

ఎనభైలు కొంత నడిచాక, ఒక సోమవారం నా బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. హాలు ప్లాను మార్చారు. నాటకాల హాళ్లు నడవవని, పెళ్లిళ్లకైతే ఎప్పుడూ గిరాకీ ఉంటుందని పైవాళ్లు తేల్చారు. స్టేజి ఉన్న చోట వంటశాల, భోజనాల గది. వధూవరులు కూర్చోడానికి ఒక మూల చిన్న అరుగు. "స్టేజి తొలగించడమైనది" అని నాలుగు కార్బన్లు పెట్టి నేనే టైపు చేశాను. ఎక్కడా ఒక్క తప్పు కొట్టలేదు.

ఆ ఆదివారమే స్టీలు ప్లాంటు వైపు నుంచి ఇద్దరు పనివాళ్లు మా రిహార్సలుకి వచ్చారు. దువ్వాడ దాటాక ఒక మైదానంలో మట్టి స్టేజి కడుతున్నారట. ఎంత వెడల్పు కావాలంటే అంత, వచ్చి ఆడమన్నారు. పెద్దాయనకి వెళ్లాలని ఉంది.

"నా మోకాళ్లు నా మాట ఇనడం లేదు మేస్టారూ. ఈ ఏడు ఆడీద్దాం" అన్నాడు.

బావ నా వైపు తిరిగాడు.

"నువ్వు ఆఫీసులో ఉన్నావు కదా, సెప్పు బావా. మన హాలు పని మొదలవుద్దా, అవదా? అవదంటే ఆళ్ల కాడికే ఎల్లి ఆడీద్దుం. మన ఊరోళ్లు సూడకపోయినా పరవాలేదు."

అందరూ నన్నే చూస్తున్నారు. ఎన్నో ఏళ్లుగా వాళ్లకి మాట అందించినవాణ్ణి. ఇప్పుడు నేను అందించాల్సింది ఒక్క ముక్క.

"ఫైలు కదిలింది బావా. ఈసారి పని మొదలెట్టీత్తారు" అన్నాను.

నేను చెప్పిన ప్రతి ముక్కా నిజమే. ఆఫీసు గుట్టు బయట పెట్టకూడదు కాబట్టే స్టేజి పోయిన సంగతి చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధం. బ్లూ ప్రింట్ కాపీ చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చినవాడికి గుట్టేమిటి? వచ్చే ఆదివారం కూడా రిహార్సలు ఉండాలని నోరు మూసుకున్నాను. అంతే.

బావ ఆ ఇద్దరికీ టీ ఇప్పించి, నవ్వుతూ రామని చెప్పాడు. "ఇన్నాళ్లు ఆగినాం. మా ఊరోళ్ల ముందరే ఆడతాం" అన్నాడు.

మళ్లీ వానలు రాకముందే పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చేయీ పడిపోయాయి. నేను చూడ్డానికి వెళ్లేసరికి గుడిసె ముందు నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి పెదాలు కదిపాడు. నాటకంలో మాట ఏదో అనబోతున్నాడని అర్థమై, అలవాటు కొద్దీ మొదటి ముక్క అందించాను. ఆయన అందుకోలేకపోయాడు. మళ్లీ అందించాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. మూడోసారి అందించే ధైర్యం నాకు లేకపోయింది.

బావ ఇంకో ముగ్గురి చేత వేయించి చూశాడు. ఒకడు తొందరగా నడిచాడు, ఒకడు ఏడుస్తూ నడిచాడు. మూడోవాడు బాగానే నడిచాడు గానీ, బావ కంటికి ఆనలేదు. రిహార్సళ్లు వారం తప్పి వారం అయ్యాయి, తర్వాత నెలకొకటి, తర్వాత లేవు. నేను దేని కోసం నోరు మూసుకున్నానో అదీ మిగల్లేదు.

హాలు పని మొదలైంది. పూజ చేసి కొబ్బరికాయ కొట్టారు, రెండు రాళ్లూ పీకి పక్కన పడేశారు. గేటు దగ్గర రంగుల బోర్డు పెట్టారు. అందులో హాలు బొమ్మ, హాలు ముందు పూలు కట్టిన కారు, కారులో పెళ్లికూతురు. బావా నేనూ కలిసే వెళ్లి చూశాం. బావ బోర్డులో రాసిందంతా పైనుంచి కిందికి చదివాడు. భోజనాల గది, వంటశాల, విడిది గదులు. ఇంకేమైనా ఉందేమోనని బోర్డు వెనక్కి కూడా వెళ్లి చూసి వచ్చాడు.

"స్టేజి తీసేసేరేటి?" అన్నాడు.

"తీసేసినట్టున్నారు" అన్నాను.

"ఎప్పుడు తీసేసేరో? నీకేటైనా తెలుసా బావా?"

"తెలీదు" అన్నాను. 

బావ నా మొహం చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఆయన దగ్గరికొచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

"నాను సూడు, పిచ్చి మాట అడిగేను. నీకు తెలిస్తే నాకు సెప్పకుండా ఉంటావేటి" అన్నాడు.

ఇంటిదాకా చేయి తీయలేదు. దారిలో ఆయనే నన్ను ఓదార్చాడు. పోనీలే, నాటకం కాగితాలున్నాయి కదా, ఎవరో ఒకరు ఎప్పుడో ఆడతారులే అన్నాడు. గుమ్మాల దగ్గర విడిపోయి నేను నా వాటాలోకి వెళ్లాను. రెండు వాటాలకీ మధ్య గోడ ఒక్కటే. అటు వాళ్లు మాట్లాడేది ఇటు వినిపిస్తుంది. బావ మా అక్కతో చెప్తున్నాడు.

"మీ తమ్ముడికి నాకన్నా ఎక్కువ దెబ్బ తగిలింది. మొకం సూడలేకపోయేను. ఆడిని ఏటీ అడక్కు. ఒక్కడే ఉంటాడు, కూడు వండుకోడు. ఏదైనా అట్టుకెళ్లి ఇయ్యి."

కాసేపటికి అక్క గిన్నెలో అన్నం, పైన చేపల పులుసు పెట్టి తెచ్చింది. ఏమీ అడగలేదు. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. అంతా తిన్నాను.