రికార్డుల ఊరికి మా ఆవిడ వేసిన చార్టు

మా ఆవిడకి కూర్చోవడం రాదు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు, ఆవిడ కుర్చీలో పూర్తిగా వెనక్కి ఆనుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అంచున కూర్చుంటుంది, ఎవరో పిలిచేస్తారన్నట్టు. ఆవిడ తప్పు కూడా కాదులెండి. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే సీటు ఆవిడది. ఏ బండి ఎన్నింటికి గేటు దాటాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగాలి, అతని బదులు ఎవరెక్కాలి, ఎవరికైనా జ్వరమొస్తే స్పేర్‌లో ఎవరుండాలి, అన్నీ నిమిషాలతో సహా గళ్ల కాగితం మీద గీస్తుంది. చార్టులో ఖాళీ గడి కనబడితే ఆవిడకి ముద్ద దిగదు. ఇంట్లో కనబడే ఖాళీ గడిని నేను.

అంటే నాకు పని లేదని కాదు. మా ముందు గదిలోనే కుట్టుమిషన్లు బాగుచేస్తాను. పని ఉన్నప్పుడు చేస్తాను, లేనప్పుడు హాయిగా కూర్చుంటాను. ఆ రెండోదే ఆవిడకి గిట్టదు.

ఈసారి ఆవిడ వేస్తున్నది బస్సుల చార్టు కాదు, మా ప్రయాణం చార్టు. ప్రాంతీయ వంశచరిత్ర సదస్సు అని ఒకటి జరగబోతోంది. తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవాళ్లంతా ఒకచోట చేరి రెండు రోజులు మాట్లాడుకుంటారట. మా ఊరి నుంచి ఆరు గంటల దారి. ఆ సదస్సు జరిగే కాలేజీకి నాలుగు వీధుల అవతలే పాత రికార్డుల ఆఫీసు. ఆవిడకి కావలసింది అసలు ఆ ఆఫీసే. సదస్సు శని, ఆదివారాలు. ఆఫీసు తెరిచేది శుక్రవారం, సోమవారం. ప్రయాణం ఇంకా నెలన్నర ఉండగానే ఆవిడ పదకొండో చార్టు గీసింది. అందులో నేను పళ్లు తోముకోవడానికి ఏడు నిమిషాలు ఇచ్చింది.

ఎందుకింత ఆరాటమో చెప్పాలి. నాలుగేళ్ల కిందట ఆవిడ ఈ వంశచరిత్ర సంఘంలో చేరింది. అప్పటినుంచి వంశవృక్షం కాగితాలతో మా హాల్లో గోడ మీద సున్నం కనబడటం మానేసింది. వాళ్ల నాన్న వైపు నూట అరవై మంది, తలుపు మీదుగా పాకి ఫ్యాను దాకా వెళ్లిపోయారు. వాళ్లమ్మ వైపు మాత్రం ఒక్కటే గడి. అందులో మా అత్తగారు. ఆ పైన గోడ.

మా అత్తగారు ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పెద్ద వరద వచ్చింది. సహాయ శిబిరంలో మిగిలిన పిల్లల్లోంచి పిల్లల్లేని దంపతులు ఆవిడని తెచ్చుకుని పెంచారు. కన్నవాళ్ల పేర్లు, ఊరు, ఏవీ గుర్తు లేవంటుంది. ఎప్పుడడిగినా అదే మాట. ఆ శిబిరం రిజిస్టరు ఈ రికార్డుల ఆఫీసులో ఉందని మా ఆవిడ కనిపెట్టింది. సదస్సయిన మరుసటి నెలలోనే రిజిస్టర్లన్నీ మరమ్మతుకి వెళ్లిపోతాయట, మళ్లీ చూడాలంటే మూడేళ్లు. అత్తగారికి డెబ్భై తొమ్మిది. "అమ్మ ఉండగా వాళ్లమ్మ పేరు దాని చెవిన వెయ్యాలండీ, అంతే," అంది నాతో. ఇంత సూటిగా మా ఆవిడ నా దగ్గర ఏదీ అడిగి ఎరగదు. సరే అన్నాను.

ఆ తర్వాత ఆ ఆఫీసు గుమస్తాకి ఫోన్లో మా ఆవిడ గొంతు కంఠతా వచ్చేసింది. రిజిస్టరు అడిగే చీటీలు మనిషికి రోజుకెన్ని? నాలుగు. చీటీ ఇచ్చాక రిజిస్టరు బల్ల మీదికి రావడానికి? నలభై నిమిషాలు. పెన్ను తేవచ్చా? కూడదు, పెన్సిలే. ఇద్దరొస్తే ఎనిమిది చీటీలా? అవునమ్మా, ఎనిమిది. అదీ సంగతి. నేను మొగుడి హోదాలో వెళ్లడం లేదు, నాలుగు చీటీల హోదాలో వెళ్తున్నాను.

వాళ్ల సంఘానికి ఒక పద్ధతుంది. ఎవరైనా నోటితో చెప్పింది పెన్సిల్‌తో రాయాలి; కాగితం దొరికాకే దాన్ని సిరాతో దిద్దాలి. మనుషులు మరిచిపోతారు, కల్పిస్తారు, కాగితానికి ఆ రోగం లేదని వాళ్ల నమ్మకం. మా ఆవిడ ఈ పద్ధతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, మా పెళ్లి తేదీని కూడా శుభలేఖ దొరికేదాకా పెన్సిల్‌లోనే ఉంచింది.

పదమూడో చార్టు నడుస్తుండగా ఆఫీసు నుంచి కవరొచ్చింది. ఆ రిజిస్టరులో ఉన్నవి చిన్నపిల్లల పేర్లు కాబట్టి ఎవరికి పడితే వాళ్లకి చూపించరు. అందులో పేరున్న మనిషి సంతకం చేస్తే ఆ ఒక్క వరస చూపిస్తారు. ఆ మనిషే స్వయంగా వస్తే పేజీ మొత్తం చూడొచ్చు, తప్పులుంటే పక్కన సవరణ కూడా రాయించుకోవచ్చు. దీనికో ఫారం, పది ప్రశ్నలు.

"ఇంతేనా!" అంది మా ఆవిడ. వాళ్లమ్మ ముందు ఫారం పెట్టి, చేతిలో పెన్ను పెట్టి, డిపోకి పరిగెత్తింది.

సాయంత్రం వచ్చి చూస్తే ఫారం తెల్లగానే ఉంది. కళ్లజోడు కనబడలేదంది అత్తగారు. కళ్లజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది. మర్నాడు వేళ్లు పట్టేశాయంది. ఆ వేళ్లతోనే పొద్దున్న నా షాపులో తెగిపోయిన బెల్టు ముడేసి పెట్టింది. మూడో రోజు ఫారమే కనబడలేదు. నేను వెతికితే పప్పుల డబ్బా కింద పరిచి ఉంది. మా ఆవిడ పద్నాలుగో చార్టు మొదలుపెట్టడం, చించడం, ఫోను తీయడం, పెట్టేయడం. గదిలోంచి గదిలోకి తిరుగుతుంటే ఆవిడ చెప్పుల చప్పుడుకి నాకు మిషను చప్పుడు వినబడేది కాదు.

"అమ్మా, ఒక్క సంతకం! నీ ఆస్తి రాసిమ్మంటున్నానా?"

"చేస్తాలేవే. ఎక్కడికి పారిపోతాను?"

"రోజులు పారిపోతున్నాయి కదే!"

నాలుగో రోజు మధ్యాహ్నం, మా ఆవిడ డిపోలో ఉండగా, అత్తగారు ఫారం తెచ్చి నా బల్ల మీద, విప్పేసిన మిషను పక్కన పెట్టింది.

"ఇందులో ఏమేం అడిగారో చదువు బాబూ."

చేతికి నూనె, అయినా చదివాను. పేరు, వయసు, శిబిరానికి తెచ్చిన రోజు, మెడలో కట్టిన టోకెన్ నంబరు, తీసుకెళ్లినవాళ్ల పేర్లు. ఆరో ప్రశ్న: శిబిరంలో మీతో ఉన్న రక్తసంబంధీకులు. అక్కడ ఆవిడ చెయ్యెత్తింది.

"దానికి ఎవరూ లేరని రాయాలి కదా?"

"మీరు ఒంటరిగా ఉన్నారనే కదండీ అత్తయ్యా..."

"రిజిస్టరులో అలాగే ఉంటుంది. నేనే అలా చెప్పాను," అంది ఆవిడ. ఫారం వెనక్కి తీసుకుంది. "అమ్మాయి రానీ. రెండుసార్లు చెప్పలేను," అంది.

నేను ఆ పూట ఒక్క స్క్రూ కూడా సరిగ్గా బిగించలేదు. మా ఆవిడ రాగానే చెప్పులైనా విప్పనివ్వకుండా వంటింట్లోకి తీసుకెళ్లాను. అత్తగారు పీట మీద కూర్చుని, కూతురి ముఖం కాకుండా గ్యాసు పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

శిబిరానికి ఇద్దరు వచ్చారు. ఆవిడా, నాలుగేళ్ల చెల్లెలూ. వరసలో చెయ్యి పట్టుకుని నిలబడితే పక్కపక్క నంబర్లు వేశారు, నలభై ఒకటి, నలభై రెండు. నెల్లాళ్లు ఒకే దుప్పట్లో పడుకున్నారు. ఆ తర్వాత ఎవరో దంపతులు వచ్చారు. వెనకా ముందూ ఎవరూ లేని పిల్ల కావాలి, రేపు ఏ బంధువూ వచ్చి మా పిల్లంటూ పట్టుకుపోకూడదు అన్నారు. ఈవిడ విన్నది. చెల్లెలు ఆ రోజు జ్వరంతో అవతలి గదిలో పడుకుని ఉంది. శిబిరం గుమస్తా రిజిస్టరు తెరిచి, ఆ చిన్నది నీ చెల్లెలు కదా అనడిగాడు.

"కాదన్నాను. నీళ్లలోంచి వస్తుంటే చెయ్యి పట్టుకుంది, ఎవరో తెలీదన్నాను. ఆయన రాసుకున్నాడు."

మా ఆవిడ చేతిలో సంచి కింద పెట్టింది.

"ముందు నేను ఇంట్లోకి వెళ్తే, తర్వాత దాన్ని పిలిపించుకోవచ్చనుకున్నానే. ఎనిమిదేళ్లకి నాకున్న తెలివి అంత. వెళ్లాక చెప్పబోయాను. చెబితే నన్ను కూడా వెనక్కి పంపేస్తారని భయమేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. అప్పటికి శిబిరం ఎత్తేశారు."

"మరి మీ అమ్మా నాన్నల పేర్లు?" అనడిగింది మా ఆవిడ.

అత్తగారు చెప్పింది. ఇద్దరివీ చెప్పింది, ఇంటిపేరుతో సహా, ఊరి పేరుతో సహా, తడుముకోకుండా. నాలుగేళ్లుగా మా ఆవిడ ఊళ్లకి ఊళ్లు ఉత్తరాలు రాసి వెతికిన పేర్లు, మా వంటింట్లోనే ఉన్నాయి.

"గుర్తుంది," అంది మా ఆవిడ. "ఇన్నాళ్లూ గుర్తుంది నీకు."

"మీ నాన్న పేరేంటని అడుగుతావు, తర్వాత అక్కాచెల్లెళ్లెవరని అడుగుతావు. మొదటిదానికే నోరు మూసుకున్నాను."

"నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించావు కదే అమ్మా!" అని మా ఆవిడ అరిచింది. గిన్నెలు పెట్టే బల్ల మీద చేత్తో కొట్టింది. ఏడ్చింది కూడా. తల్లి కోసం ఏడ్చిందో, ఆ నాలుగేళ్ల పిల్ల కోసమో, తన పదమూడు చార్టుల కోసమో నాకు తెలీదు. నాకు మాత్రం కోపమొచ్చింది, ఆ గుమస్తా మీద. జ్వరంతో ఉన్న పిల్ల దగ్గరికి ఈ పిల్లని నడిపించి ఒక్కసారి చూస్తే తెలిసిపోయేది. చూడకుండా రాసుకున్నాడు. ఆ రాత చూడ్డానికి మేం నిమిషాలు లెక్కపెట్టుకుని బయల్దేరబోతున్నాం. మా ఆవిడ వెళ్లి, చీటీ ఇచ్చి, నలభై నిమిషాలు ఆగి, బంధువులు లేరు అన్న ముక్కని పెన్సిల్‌తో ఎక్కించుకుని, ఇంటికొచ్చి సిరాతో దిద్ది ఉండేది.

ఆ తర్వాత మూడు రోజులు తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మా ఆవిడ డిపోలో రెండు షిఫ్టులు చేసింది. ఇంటికొస్తే ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది. చార్టు ముట్టుకోలేదు. సంఘం వాళ్లు ఫోను చేసి సదస్సుకి పేర్లు ఖాయం చేస్తారా అనడిగితే, చెబుతానని పెట్టేసింది. కూతురు గదిలోకి వస్తే తల్లి లేచి వెళ్లిపోయేది, తల్లి వస్తే కూతురు. మధ్యలో నేను, ఇద్దరికీ టీ అందిస్తూ. హాయిగా కూర్చోవడం అనే విద్య నేను ఆ మూడు రోజుల్లో మరిచిపోయాను. ఒకటి రెండుసార్లు మా ఆవిడతో, పాపం ఎనిమిదేళ్ల పిల్ల కదే అనబోయాను.

"ఎనిమిదేళ్ల పిల్లని నేనేం అనడం లేదు," అంది. "డెబ్భై తొమ్మిదేళ్ల మనిషిని అంటున్నాను. ఆవిడ నలభై ఏళ్ల కిందట చెప్పినా వెతికేదాన్ని. అప్పుడైతే దొరికేదేమో."

టీ గ్లాసు ఆవిడ పక్కన పెట్టి వచ్చేశాను.

నాలుగో రోజు పొద్దున్న మా ఆవిడ బల్ల దగ్గర నిలబడే ఏదో తింటోంది. అత్తగారు గదిలోంచి వచ్చింది, కళ్లజోడు పెట్టుకుని ఉంది. ఫారం తెచ్చి కూతురి పళ్లెం పక్కన పెట్టింది.

"నేను కూడా వస్తాను. మనిషి స్వయంగా వస్తే పేజీ మొత్తం చూపిస్తారట కదా. చెల్లెలి నంబరు నా కిందే ఉంటుంది. ఎవరు తీసుకెళ్లారో అక్కడ ఉంటుంది."

మా ఆవిడ ఫారం వైపు చూడలేదు. "ఆరు గంటల దారి. నీ నడుముకి అంతసేపు బస్సులో కూర్చోవడం కుదరదు."

"కుదరకపోతే నిలబడతాను."

"అది ఉందో లేదో కూడా తెలీదే అమ్మా. ఉంటే ఇప్పుడు డెబ్భై అయిదు. దానికి నువ్వెవరో కూడా గుర్తుండదు."

"గుర్తుంటుంది," అంది అత్తగారు. "అది నిద్రపోలేదు ఆ రోజు. నేను కాదన్నప్పుడు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది."

మా ఆవిడ చేతిలోది పళ్లెంలో పెట్టేసింది. చెయ్యి కడుక్కుంది, తుడుచుకుంది, ఫారం తీసుకుంది. పైనుంచి చదువుకుంటూ వచ్చి ఆరో ప్రశ్న దగ్గర ఆగింది. అత్తగారి రాత నాకు తెలుసు, పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి జారతాయి. మా ఆవిడ భుజం మీదుగా నేను కూడా చదివాను.

'చెల్లెలు. నాలుగేళ్లు. నంబరు నలభై రెండు. అప్పుడు లేదని చెప్పాను. ఉంది.'