డెక్కు మీద గుమ్మడికాయ

యుద్ధనౌకను ముంచినవాణ్ని మీరెప్పుడైనా చూశారా? నన్ను చూడండి. శత్రువు లేడు, తుపాను లేదు, దగ్గర్లో సముద్రం కూడా లేదు. పట్టపగలు, హోసూరు నడిబొడ్డున, పూలదండ వేసి, కర్పూరం వెలిగించి మరీ ముంచాను. నా పరువు ఎలా పోయిందో మొదటినుంచీ చెబుతాను. నవ్వుకోవాలంటే మొహమాటపడకండి, అప్పుడు ఎవరూ మొహమాటపడలేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మాది హోసూరు దగ్గర అత్తిముగం. మా ఊళ్లో లోతైన నీళ్లంటే బోరు కింద కట్టిన తొట్టి. సముద్రాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. కానీ ఫోన్లో మాత్రం తెగ చూశాను. ముఖ్యంగా సైన్యాన్ని ఒడ్డుకు దించే పెద్ద ఓడల వీడియోలంటే అన్నం కూడా మరిచిపోయేవాణ్ని. చూసీ చూసీ, నౌకాదళం వాళ్లకు ఎప్పుడైనా అనుమానం వస్తే నాకే ఫోన్ చేసుకోవాలన్నంత ధీమా వచ్చేసింది.

హోసూరులో నేను లేత్ నడిపే వర్క్‌షాపు చిన్నది. ఓనరు మునిరాజప్ప. భారీ తలుపులకు వేసే ఉక్కు కీళ్లు చేస్తాం. వాటిని ఆకురాయితో సాపు చేసేది రత్నమ్మ. ఆమె చెయ్యి పడిన కీలు కిర్రుమనదు. ఆ ఏడాది పని తగ్గి సగం మెషిన్లు ఊరికే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఓడల వెనక తలుపుకు కీళ్లు చేసే ఆర్డరు ఒకటి వచ్చేలా కనిపించింది. అది రాకపోతే రెండు లేత్‌లు అమ్మక తప్పదని ఓనరు అందరికీ చెప్పేశాడు. ఆ రెండింట్లో నేను నడిపేది ఒకటి.

మా పని చూసి ఆర్డరు ఖాయం చేయడానికి సూర్యారావు గారు వస్తున్నారు. విశాఖ వైపు మనిషి, నౌకాదళంలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు ఓడల విడిభాగాలు తనిఖీ చేస్తారు. ఆయన్ని ఆయుధపూజ రోజునే రమ్మన్నాడు ఓనరు. ఏడాది మొత్తంలో మా షాపు నేల రంగు తెలిసేది ఆ ఒక్కరోజే మరి.

"కీళ్లు బల్ల మీద పెట్టి చూపిస్తే ఏం బాగుంటాదన్నా?" అన్నాను ఓనరుతో. "అవి ఏం పని చేస్తాయో చూపిద్దాం. నేను ఓడ చేస్తాను."

"చేస్తావులేప్పా. యాడ తేలిస్తావు దాన్ని?"

"ఈడే. లీకు చూసే తొట్టి ఉండాది కదా."

పైపులు ముంచి బుడగలొస్తున్నాయేమో చూసే సిమెంటు తొట్టి అది. ఓనరు తొట్టిని చూశాడు, నన్ను చూశాడు, సరే అన్నాడు. నెలరోజులు తంటాలు పడి మనిషి పొడవు రేకు ఓడ తయారుచేశాను. వెనక తలుపుకు రత్నమ్మ చేతే బుల్లి కీళ్లు చేయించాను. తర్వాత అందరినీ నిలబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"రేవు లేని తీరంలో గూడా జవాన్లని, బండ్లని దించేదానికి ఈ ఓడ. పైన హెలికాప్టర్లు దిగే డెక్కు. కింద వెనకపక్క పెద్ద హాలు, దాంట్లో పడవలు. ఒడ్డు దగ్గరికి వస్తానే ఓడ అడుగున ఉండే తొట్లలోకి నీళ్లు ఎక్కించుకుంటాది. వెనకపక్క కిందికి దిగుతాది. తలుపు తెరిస్తే హాల్లోకి నీళ్లొస్తాయి, పడవలు తేలి బయటికి పోతాయి. పని అయినాక నీళ్లు తోడేస్తే ఓడ మళ్లీ పైకి లేస్తాది."

"అంటే ఓడలోకి మనమే నీళ్లు పెట్టేదా?" ఓనరు నోరు తెరిచాడు. "ఇంత కష్టపడి చేసి?"

"మడిలోకి మడవ తీసినట్లేనన్నా. చాలినాక మూసేది," అంది రత్నమ్మ.

నాకు నెలలు పట్టిన సంగతి ఆమెకు ఒక్క నిమిషంలో అర్థమైపోయిందని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. పైకి మాత్రం, "అంత సులువు కాదక్కా, ఇది సైన్సు," అన్నాను.

తొట్టిలో పదిసార్లు నడిపి చూశాను. పదిసార్లూ వెనకభాగం కిందికి దిగింది, తలుపు తెరుచుకుంది, ప్లాస్టిక్ పడవ బయటికొచ్చింది. నా నడకే మారిపోయింది.

పూజ రోజు వచ్చింది. మా దగ్గర నడిచే ప్రతి మెషిన్‌కీ పసుపు, కుంకుమ, దండ ఉండాలి. ఆఖర్న బూడిద గుమ్మడికాయకు పైన కన్నం పెట్టి, లోపల కుంకుమ నింపి, మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీసి గేటు ముందు పగలగొట్టాలి. ఓనరు మా జిల్లాలోనే ఉన్న పోచంపల్లి సంతకు వెళ్లి, రెండు చేతులతో గానీ ఎత్తలేని గుమ్మడికాయ తెచ్చాడు. సూర్యారావు గారు మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాలో వచ్చారు.

"ఓడ గూడా మెషినే కదప్పా," అని ఓనరు తొట్టిలో తేలుతున్న దానికి దండ వేశాడు. అటొకటి ఇటొకటి చిన్న అరటిపిలకలు కట్టాడు. దిష్టి కూడా తీయాలన్నాడు. కర్పూరం వెలిగించడానికి చేతులు ఖాళీ లేక గుమ్మడికాయను డెక్కు మధ్యలో పెట్టాడు. ఓడ కొంచెం దిగింది గానీ నిలబడింది. మంట వెలుగుతోంది. అందరం దణ్ణం పెట్టాం.

"శీనప్పా, కాయ దించేసి నడిపించు," అంది రత్నమ్మ మెల్లగా.

"అక్కా, హెలికాప్టర్లు దిగే డెక్కు ఇది. గుమ్మడికాయ ఒక లెక్కా? ఉండనీ, సారు గూడా చూస్తారు."

"డెక్కు తట్టుకుంటాది లేప్పా. ఓడ తట్టుకుంటాదా?"

"నువ్వు కీళ్లు చూసుకో. ఓడ సంగతి నేను చూసుకుంటాను."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే ఈ జన్మలో మరిచిపోలేను.

సూర్యారావు గారు గుమ్మడికాయను, నన్ను మార్చి మార్చి చూశారు. "కానివ్వవయ్యా, చూద్దాం," అన్నారు.

ఓడలోకి నీళ్లు ఎక్కించే బుల్లి పంపు స్విచ్ నొక్కాను. వెనకభాగం దర్జాగా దిగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. హాల్లోకి నీళ్లొచ్చాయి. ప్లాస్టిక్ పడవ ముక్కు బయటపెట్టింది. అప్పుడు హాల్లో నీళ్లు ఒక పక్కకు జరిగాయి. ఓడ అటు వంగింది. గుమ్మడికాయ కూడా అటే జరిగింది.

"వంగుతోందేమయ్యా?" అన్నారు సూర్యారావు గారు.

"డిజైనే అట్ల సార్. కొంచెం వంగుతాది."

"కొంచెమంటే ఎంత?"

"ఇంతే సార్, ఇంకేం వంగ..."

ధబ్బుమంది. ఓడ బోర్లాపడి, అరటిపిలకలతో సహా తొట్టి అడుగుకు పోయింది. గుమ్మడికాయ నీళ్లలో పడి, కుంకుమ కక్కి, తొట్టినంతా ఎర్రగా చేసింది. తెల్లచొక్కా మీద జేబు నుంచి కాలరు దాకా ఎర్రటి చారలు. నా కళ్ల ముందు నా లేత్ కనిపించింది, లారీ ఎక్కి వెళ్లిపోతూ. ఏడుపొచ్చింది. ఓనరు ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

అందరం చూస్తుండగా గుమ్మడికాయ నింపాదిగా తేలుతూ వచ్చి, సూర్యారావు గారి ముందు తొట్టి గట్టుకు ఆనుకుని ఆగింది.

"ఓడ పోతే పోయింది," అంది రత్నమ్మ. "సరుకు ఒడ్డుకు దిగినాది."

సూర్యారావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఒరే అబ్బాయ్, ఓడ లోపల నీళ్లు కదలడం మొదలెట్టాక పైనున్న బరువే దానికి శత్రువు. తలుపు తెరిచే ముందు పైన ఏముందో చూసుకోవాలి. నీకంటే ఆవిడకే ఆ సంగతి తెలిసింది," అన్నారు. ఓడను పైకి తీయించారు. నీళ్లు కారుతున్న ఆ బోర్లాపడ్డ ఓడ తలుపును వేలితో తోశారు. చప్పుడు లేకుండా తెరుచుకుంది. చప్పుడు లేకుండా మూసుకుంది. మళ్లీ తోశారు. మళ్లీ అంతే.

"ఈ కీళ్లు ఎవరు చేశారు?"

"నేనే సార్," అంది రత్నమ్మ.

"మునిగినా పట్టు వదల్లేదమ్మా."

పది రోజులకు ఆర్డరు వచ్చింది. లేత్‌లు రెండూ షాపులోనే ఉన్నాయి. ఓనరు ఆ కాగితాన్ని అందరి ముందూ చదివాడు. అడుగున సూర్యారావు గారు తన చేత్తో రాసిన రెండు వాక్యాలను మాత్రం రెండుసార్లు చదివాడు: "కీళ్లు రత్నమ్మ గారే చేయాలి. ఓడల గురించి ఆ కుర్రాడు ఎవరికీ ఏమీ చెప్పకూడదు."

కాబట్టి పాఠక మహాశయులారా, నా లేత్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యుద్ధనౌక మీదా గుమ్మడికాయ పెట్టను. దేశరక్షణ కోసం పెట్టక తప్పని పరిస్థితే వస్తే, ముందు రత్నమ్మను అడుగుతాను.