భయాన్ని పరీక్షకు పెట్టిన రోజులు

నిన్న మా తరంవాళ్ళందరి ఫోన్లలోనూ ఒక వీడియో తిరిగింది. మనసుకు తగిలిన పాత గాయాన్ని ఒక్క పూటలో తుడిచేస్తామని అందులో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. రుజువేమిటని రాసి పంపాను. రసాయన శాస్త్రం చదివి, పనిచేసినన్నాళ్ళూ ఎదుటివాళ్ళ ఫలితాలు సరిచూడటమే వృత్తిగా బతికినదాన్ని కనుక ఇలాంటి మాటలు నాకు గొంతు దిగవు. పైగా ఆ గాయం సంగతి నేను వీడియోలు చూసి తెలుసుకున్నది కాదు.

గాజువాక దగ్గర నేను పనిచేసిన చిన్న కర్మాగారంలో, ప్రయోగశాల గోడకు ఆనుకుని వెళ్ళే ఆవిరి గొట్టం ఒక ఉదయం పగిలింది. కాలిన భుజం త్వరగానే మానింది గానీ, ఆ తర్వాత ఆవిరి బుస విన్నానంటే, అది మా వంటింటి ఇడ్లీ పాత్రదైనా సరే, కాళ్ళు నా మాట వినేవి కావు. గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేదాన్ని. పైఅధికారి జాలిపడి, ప్రయోగశాల వదిలేసి ఆఫీసులో కాగితాలు చూసుకోమన్నాడు. ఆ జాలి నన్ను ఆవిరికన్నా ఎక్కువ కాల్చింది.

జాలరిపేటలో పుట్టి పెరిగిన మా అత్తగారిది వేరే వాదం. "సేపలోల్ల ఇంటి కోడలివి, ఇడ్లీ కుండకి జడుసుకుంతావేటే? మీ మావ పడవ బోల్తా పడితే వారం తిరక్కండా మల్లీ ఏటకెల్లిపోనాడు. ఓ తాయెత్తు కట్టీసుకో, పోద్ది" అని ఎకసెక్కాలాడేది. మామగారు వెళ్ళిన మాట నిజమే. కానీ బతికినన్నాళ్ళూ ఆయన నిద్రలో కేకలు పెట్టేవాడని నాకు చెప్పింది కూడా ఆవిడే. వెళ్ళడం వేరు, కోలుకోవడం వేరని ఆ ఒక్క సాక్ష్యంతోనే తేలిపోయింది. తాయెత్తు కట్టుకోలేదు.

చివరకు ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గరకు వెళ్ళాను, నమ్మి కాదు, తప్పు పట్టడానికి. ఆలోచననూ, దాన్నుంచి పుట్టే ప్రవర్తననూ సరిచూసుకునే చికిత్స అని ఆవిడ వివరించగానే, నా భయం అబద్ధమంటే ఒప్పుకోనని, గొట్టం నిజంగానే పగిలిందని ఎదురు తిరిగాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"ఆ రోజు మీ భయం కరెక్టే మేడమ్. ఈ రోజు కరెక్టో కాదో నా మాట నమ్మకండి, మీరే టెస్ట్ చేసి చూడండి" అంది.

ప్రయోగశాలలో మాకొక అలవాటుంది: పరికరం చూపించే అంకె మీద అనుమానం వస్తే, ఫలితం ముందే తెలిసిన నమూనాను దానికిచ్చి, పరికరాన్నే పరీక్షిస్తాం. ఆవిడ సాయంతో మెల్లమెల్లగా నా భయానికీ అదే చేశాను. కూలిపోతానని ముందే నాతో నేను పందెం కట్టుకుని ఇడ్లీ పాత్ర పక్కన నిలబడ్డాను, కూలలేదు. తర్వాత కర్మాగారం గేటు, ఆ తర్వాత ప్రయోగశాల వరండా. ఒకసారి మధ్యలోనే పారిపోయి వచ్చాను. అదీ ఫలితమే కనుక ఆవిడకు దాచకుండా చెప్పాను. ద్రవాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే బ్యూరెట్ ముందు తిరిగి కూర్చున్న రోజున గోడ అవతల ఆవిరి బుసకొట్టింది. ఉలికిపాటుకు చుక్క ఎక్కువ పడి, లేత గులాబీ దగ్గర ఆగాల్సిన ద్రావణం ముదురు రంగుకు తిరిగింది. పారబోసి, కుర్చీలోంచి లేవకుండా, మళ్ళీ మొదలుపెట్టాను. పదవీ విరమణ కూడా ప్రయోగశాలలోనే చేశాను.

ఇప్పుడు ఆ కర్మాగారం లేదు, అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. మా అత్తగారూ లేరు. మనసు బాగోలేదని చెప్పుకోవడానికి మనవరాళ్ళ తరం సిగ్గుపడదు. అది చూస్తే ముచ్చటగానూ, మా తరానికి దక్కనందుకు కొంచెం ఉక్రోషంగానూ ఉంటుంది. పూర్తిగా నయమైందని మాత్రం నేను చెప్పను. షేర్ ఆటో ఆ కర్మాగారం ఉండిన వీధిలోంచి వెళ్ళేటప్పుడు ఒక్కోసారి ఇంకా గుండె అదురుతుంది. అదరనీ. నేను దిగను.