మూడు టక్కులు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పుంగనూరు దగ్గర మా ఇంట్లో ఆవు నీళ్లు తాగింది. జరిగింది ఇంతే. దయ్యాలూ మహిమలూ నేను నమ్మను. మదనపల్లెలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయినదాన్ని.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. నాయన గుండె ఉన్నట్టుండి పరుగెత్తేది. కళ్లు తిరిగి పడిపోయేవాడు. బెంగళూరులో ఒకసారి, దోషమున్న చోటును కాల్చడానికి గుండెలోకి తీగ పంపి చూశారు. ఆ చోటికి అది అందలేదు. మళ్లీ అందకపోతే ఇక చేసేదేమీ లేదన్నారు.

రెండోసారి పద్ధతి వేరు. మంచానికి అటూ ఇటూ రెండు పెద్ద అయస్కాంతాలు. డాక్టరు పక్కగదిలో అద్దం వెనక కూర్చుని వాటిని కదిలిస్తే, గుండెలోని మెత్తటి తీగ కొస అటు తిరుగుతుంది.

ఈ మాట చెప్తే నాయన నవ్వాడు. "అయితే నా మాదిరే తోలతాడు. తాడు లేకండా."

నాయన మా ఆవుకు ఎప్పుడూ తాడు పట్టలేదు. నాలుకతో టక్కుమనిపిస్తూ, వెనక్కి చూడకుండా ముందు నడిచేవాడు. అది వెంట వచ్చేది. "లాగితే మొండికేస్తాదమ్మా. యాల లాగేది?" అనేవాడు.

ఆయన ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి ఆవు నీళ్లు ముట్టలేదని అమ్మ ఫోన్లో ఏడ్చింది. అది తాగితే టైము చూసి చెప్పమని పశువుల డాక్టరు అన్నాడట. ఆవు సంగతి నాయనకు నేను చెప్పలేదు.

ఆయనకు చెవుడు. నా గొంతొకటే పోల్చుకునేవాడు. అందుకని డాక్టరు నన్ను పక్కగదిలో మైకు దగ్గర కూర్చోబెట్టారు. ఫోను బయట ఇచ్చేశాను.

గంట దాటినా తీగ అందలేదు. నాయన మత్తులో ఉన్నాడు. అప్పుడు స్పీకర్లో టక్, టక్, టక్.

"ఏం చేస్తున్నారమ్మా ఆయన?"

"ఆవును పిలుస్తాండాడు సార్."

"నీళ్లకా, మేతకా?" డాక్టరు నవ్వారు.

"నీళ్లకు సార్. మేతకైతే రెండే."

డాక్టరు నవ్వు ఆగకముందే తెరమీద తీగ కొస తిరిగి చోటికి చేరింది. తెర మూల గడియారంలో 11.20. కాసేపటికి గుండె నిదానించింది.

బయటికొచ్చి చూస్తే ఫోన్లో అమ్మ మిస్డ్ కాల్, 11.22. తిరిగి చేశాను.

"ఆవు తాగిందమ్మా! దానంతట అదే తొట్టి కాడికి పోయింది, ముందర ఎవురో నడస్తాండేట్లు. పశువుల డాక్టరు టైము సూడమన్నాడు గదా, సూసినా. పదకొండు ఇరవై. మీ నాయన ఎట్లుండాడు?"

దాహమై తాగి ఉండాలి. తీగను తిప్పింది డాక్టరే. విడివిడిగా రెండూ వివరించగలను. ఒకే నిమిషం ఎందుకైందో ఇప్పటికీ చెప్పలేను. నాయనను అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు.

ఆ తర్వాత నాయన ఐదేళ్లున్నాడు. ఆవు ఆయనకంటే ముందే పోయింది. తొట్టి అక్కడే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నాలుకతో ఆవును పిలవరు.