ఎంగిలి కడిగిన ప్లేటు

చిత్తూరు కోర్టులో కక్షిదారుల పేర్లు పిలవడం నా ఉద్యోగం. హాలు తలుపు దగ్గర నిలబడి పిలిస్తే ఆవరణలో టీ తాగే మనిషి కూడా గ్లాసు పక్కన పెట్టి లేచి రావాలి. నా గొంతంటే నాకు కాస్త పొగరే. అట్లాంటి నాకు అంగిట్లో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో గడ్డతో పాటు అంగిలి ముక్క కూడా తీసేశారు. ప్రాణం దక్కింది గానీ నోటికీ ముక్కుకీ మధ్య కంత మిగిలింది. మాట్లాడితే మాటంతా ముక్కులోకి పోయేది, మజ్జిగ తాగితే ముక్కులోంచి కారేది.

ఆ కంతకు మూత వేసింది తిరుపతిలో ఒక పళ్ల డాక్టరమ్మ. నా నోటి కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, త్రీడీ ప్రింటర్‌లో ప్లాస్టిక్ ప్లేటు చేసి, అంగిలికి అతికినట్టు పెట్టింది. వయసుకు నా కూతురంత. నా నోట్లో వేలు పెట్టి చూసేటప్పుడు ఆమె ముఖం ఒక్కసారి కూడా ముడుచుకోలేదు. నేనైతే వేరేవాళ్ల నోట్లో అట్లా వేలు పెట్టలేను.

పుండు మానేకొద్దీ కంత ఆకారం మారుతుంది కాబట్టి కొన్నాళ్లకు ప్లేటు మార్చాల్సి వచ్చింది. అందాకా పెట్టుకోమని డాక్టరమ్మ ఒక తాత్కాలిక ప్లేటు పంపింది. "పాతది పారేయకండి. ఉమ్ములో నానితే ఈ ప్లాస్టిక్ బలం ఎంత తగ్గుతుందో మాకు తెలియాలి. నోట్లోంచి తీసింది తీసినట్టే డబ్బాలో నీళ్లు పోసి తెచ్చివ్వండి" అంది. అది తేలితే కొత్త ప్లేటు ఎంత మందం ఉండాలో చెప్పగలనని కూడా అంది. పాతది బరువుగా ఉందని, వాంతి వచ్చినట్టు ఉంటుందని నేను రోజూ సణిగేవాణ్ణి మరి.

మా ఆవిడకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. మా ఇంట్లో ఎవరైనా సరే చెంబు ఎత్తి నీళ్లు గొంతులో పోసుకోవాలి, పెదవి తగలకూడదు. మనవరాలు కొరికిన జామకాయ ముద్దుగా నోటికందిస్తే, పిల్లకు ముద్దు పెట్టి కాయ పక్కన పెట్టేస్తుంది. అట్లాంటి మనిషి, నెలల తరబడి నా నోట్లో ఉన్న వస్తువును డాక్టరమ్మ చేతికి ఉన్నదున్నట్టు ఇవ్వనిస్తుందా? నాకు చెప్పకుండా సబ్బు పెట్టి తోమింది. మిద్దె మీద మామిడి తాండ్ర ఎండుతుంటే ఆ చాప పక్కనే దీన్నీ కొన్నాళ్లు ఎండబెట్టింది. తిరుపతికి బయల్దేరే పొద్దున డబ్బాలో మంచినీళ్లు పోసి అందులో వేసింది. డాక్టరమ్మ చెప్పిన మాటా దాటలేదు, మర్యాదా తప్పలేదు అనుకుంది.

డాక్టరమ్మ ఆ ప్లేటు నుంచి సన్నని పట్టీలు కోయించి, నడుమ నొక్కి విరిచే యంత్రంలో పెట్టించింది. పట్టీ కొత్తదానికి దగ్గరదగ్గరగా బలం చూపింది. అందరికీ సంతోషమే. కొత్త ప్లేటు పలచగా చేసి ఇచ్చింది. నోట్లో ఏమీ లేనట్టే ఉంది, నేను మురిసిపోయాను.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. కోర్టులో ఒక పెద్దామె పేరు పిలుస్తుంటే నోట్లో పటుక్కుమంది. పేరు సగం నోట్లోంచి, సగం ముక్కులోంచి వచ్చింది. ఆ పెద్దామె కదలకుండా చెట్టు కింద కూర్చునే ఉంది. ఎవరో కుర్ర వకీలు నవ్వాడు. విరిగిన ముక్కలు చేతిలో పట్టుకుని ఆమె దగ్గరికి నడిచి వెళ్లి సైగ చేశాను. సాయంత్రం పైఅధికారి పిలిచి, ఇది నిలకడగా కుదరకపోతే రికార్డు గదిలోకి మారమని మెల్లగానే చెప్పాడు. ఆయన తప్పేం లేదు. కానీ కాగితాల మధ్య మూగవాడిలా కూర్చునే బతుకు తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

నా మాట ఫోన్లో తెలియదని మా ఆవిడే డాక్టరమ్మతో మాట్లాడింది. పరీక్షకిచ్చిన పాత ప్లేటు ఎట్లా తెచ్చారని ఆమె అడిగింది.

"నీట్‌గా తోమి, ఎండలో పెట్టి తెచ్చినాం మేడమ్. ఎంగిలిది మీ చేతికి ఎట్లిస్తాం?"

డాక్టరమ్మ నవ్వింది, కసరలేదు. ఉమ్ము ప్లాస్టిక్‌లోకి పాకి మెత్తబరుస్తుందనీ, ఎండితే అది మళ్లీ బిగుసుకుంటుందనీ, అందుకే యంత్రం తప్పు చెప్పిందనీ విడమరిచి చెప్పింది. విరిగిన ముక్కల్ని కడగొద్దని, తడి ఆరనివ్వొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ముక్కల్ని డబ్బా నీళ్లలో వేసుకుని తిరుపతికి బయల్దేరాం. బస్సు చంద్రగిరి దాటాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. మా ఆవిడ ఒళ్లో ఉన్న డబ్బా మూత ఊడి నీళ్లన్నీ చీర మీద పడ్డాయి. ముక్కలు మాత్రం డబ్బాలోనే ఉండిపోయాయి. నేను నీళ్ల సీసా కోసం వెతుకుతుంటే ఆమె డబ్బా నా గడ్డం కింద పెట్టింది.

"నీళ్లెందుకు? ఉమ్ములో నానాలంట గదా. దీంట్లో ఉమ్ము."

చుట్టూ జనం చూస్తున్నారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. నేను ఉమ్మాను. తిరుపతి బస్టాండు వచ్చేదాకా ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఈసారి పట్టీ యంత్రం కింద ముందు వంగింది, తర్వాత చాలా తక్కువ బరువుకే విరిగింది. డాక్టరమ్మ నడిమి భాగం మందం పెంచి ఇంకో ప్లేటు ప్రింటు చేయించింది. అది ఇప్పటికీ నా నోట్లో ఉంది. కాస్త బరువే, కానీ ఇక సణగను.

అది పెట్టిన రోజు డాక్టరమ్మ నాలుగడుగులు వెనక్కి వెళ్లి "ఏదైనా గట్టిగా అనండి" అంది. ఏమనాలో తోచలేదు. పెళ్లయినప్పటి నుంచి మా ఆవిడను 'ఏమే' అనడమే గానీ పేరు పెట్టి పిలిచింది లేదు. జిల్లాలో అందరి పేర్లూ పిలిచిన నోరు ఇది. ఆ రోజు ఆమె పేరు పిలిచాను. ఒక్క అక్షరమూ ముక్కులోకి పోలేదు. బయట బెంచీ మీదివాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు.

మా ఆవిడ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"ఈడే ఉండాను," అంది.