అమీర్‌పేటలో టూరిస్టులు

అమీర్‌పేటకు విహారయాత్రకు వచ్చిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇక్కడికి కంప్యూటర్ కోర్సులకు వస్తారు, చీరలు కొనడానికి వస్తారు, పంజగుట్ట ఆసుపత్రులకు వస్తారు. మెట్రో దిగి ఫొటోలు తీసుకుంటూ ఆహా ఓహో అనడానికి ఎవరూ రారు. ఈ సంగతి పనిగట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఒక గుమాస్తాకు విడమరిచి చెప్పాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మాకు మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లున్నాయి. ఒకదాంట్లో నేనుంటాను. రెండోది మా నాన్నది. ఆయన పోయాక దాన్ని యాప్‌లో పెట్టి రోజువారీ అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాను. వచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది ఆసుపత్రి పనిమీద వచ్చేవాళ్ళే. ఇంతలో కొత్త నియమం వచ్చింది. ఆన్‌లైన్‌లో ఇలా గదులిచ్చే ప్రతివాళ్ళూ రిజిస్టర్ చేసుకోవాలి, ఆ నంబరు యాప్‌లో ఎక్కించాలి, లేకపోతే గది కనబడకుండా తీసేస్తారు. నేనేం సణగలేదు. ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో తెలియడం మంచిదే కదా. మంటలార్పే సిలిండరు కొని గోడకు తగిలించాను, వచ్చినవాళ్ళ ఆధార్ కాపీలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాను. నాకు ఒళ్ళు మండింది అక్కడ కాదు.

దరఖాస్తులో అతిథులు ఏ పనిమీద వస్తారని అడిగారు. వైద్యం కోసం అని రాశాను. గుమాస్తా చూసి పెన్ను నా వైపు తోశాడు.

"గట్ల రాయకుండ్రి మేడం. టూరిస్టులని రాయుండ్రి. అందరు గదే రాస్తరు."

"రాని టూరిస్టుల్ని ఎక్కడి నుంచి తేను నేను?"

ఆయన నవ్వాడు. మంచివాడే. "మీ ఇష్టం మేడం. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సంతకం తెచ్చుకోండ్రి. మిగిలింది నేను జూస్త."

అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. చర్చిలో ఆదివారం బడికి వెళ్ళి పెరిగినదాన్ని. కొంత మొండితనం కూడా ఉందనుకోండి.

మా అసోసియేషన్ సెక్రటరీగారిది కోస్తా. బ్యాంకులో చేసి రిటైరయ్యారు, మాట మెత్తన. నా దరఖాస్తు చదివి కళ్ళజోడు తీశారు.

"ఏంటండీ మేడంగారూ, పేషెంట్లా? రేపు ఏమన్నా అయితే?"

"ఏమవుతుందండీ?"

"మీకు తెలీదా ఏంటి. పైనా కిందా ఫ్యామిలీలున్నాయి. పూజలు చేసుకునే ఇళ్ళు." అని, తానే ఒక హామీపత్రం తయారు చేయించి తెచ్చారు. రోగుల్ని ఉంచనని, ఒకవేళ జరగరానిది జరిగితే మనిషిని బిల్డింగులో ఒక్క నిమిషం కూడా ఉంచనని నేను సంతకం పెట్టాలి. అప్పుడు ఆయన నా దరఖాస్తు మీద పెడతారు. నేను పెట్టలేదు, దరఖాస్తు ఆయన దగ్గరే ఉండిపోయింది.

చావు అన్న మాట కూడా ఆయన నోట రాలేదు. మా నాన్న ఆ ఫ్లాట్‌లోనే పోయారు. ఆ రోజు ఇదే సెక్రటరీగారు పూలదండ తెచ్చి, పాదాల దగ్గర నిలబడి, శవపేటిక దించడానికి లిఫ్టు దగ్గర దారి చేయించారు. ఆయనకు అప్పుడు ఏ పూజలూ అడ్డం రాలేదు. సొంతదారు పోతే పెద్దాయన పోయారంటారు, అద్దెకున్నవాడు పోతే ఇల్లు పాడైందంటారు. ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన ఆచారమే. కాకపోతే దాన్ని ఇలా టైపు చేయించి నా చేతికివ్వడం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడే ఆ ఫ్లాట్‌లో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలున్నారు. ఆయన బండిమీద మిర్చీలు వేసేవాడు, ఆమె బట్టలు కుట్టేది. డాక్టర్లు ఆయనకిక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె సామాను సర్దుకుని, మళ్ళీ విప్పింది. నా గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"అక్కా, మా ఇంటి ఓనరు ఫోన్ జేసిండు. గీ పరిస్థితిల ఇంటికి తేవద్దన్నడు. మాకు సొంతిల్లు లేదు. జర కొన్నొద్దులు ఈడనే ఉంటం."

ఆసుపత్రి మంచం ఖాళీ చేయమంది. కిరాయి ఇల్లు రావద్దంది. ఒక మనిషి ప్రాణం వదలడానికి ఇంత నేల దొరకకపోవడమేమిటి? ఉండమన్నాను.

ఈ సంగతి సెక్రటరీగారికి తెలిసింది. నా దరఖాస్తు పట్టుకుని పైకి వచ్చారు. "వాళ్ళని ఇవాళ పంపించెయ్యండి మేడంగారూ. ఇక్కడే సంతకం పెట్టి ఇస్తాను."

"పెట్టకండి. ఆయన ఎక్కడికీ కదలడు. మీ ఇంట్లో ఎవరూ పోరా ఏమిటి?"

"అంత మాటెందుకండీ," అని ఆయన నొచ్చుకున్నారు. నేను ఇంకా తక్కువే అన్నానని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ మిర్చీబండి ఆయన ఒక ఉదయం, భార్య చెంచాతో టీ పట్టిస్తుండగా పోయాడు. ఆమె తమ్ముడు వ్యాను మాట్లాడుకుని వచ్చేసరికి లిఫ్టు పనిచేయడం లేదు. కరెంటు ఉంది, మోటారు బాగానే ఉంది, మెయిన్ స్విచ్చి గదికి మాత్రం తాళం. సెక్రటరీగారు ఊళ్ళో లేరట. ఇంటింటి తలుపూ బిగించి ఉంది, లోపలి నుంచి సాంబ్రాణి వాసన. తమ్ముడూ, వ్యాను డ్రైవరూ, వాచ్‌మనూ కలిసి దుప్పట్లో మెట్ల మీదుగా దించారు. మలుపు వచ్చినప్పుడల్లా "తల జాగ్రత్త" అని నేను గొంతు చించుకున్నాను. మోసేవాళ్ళకు చెప్పడానికి కాదు, ఆ తలుపుల వెనకవాళ్ళకు వినబడాలని.

సంతకం రాలేదు, నంబరూ రాలేదు. గడువు దాటగానే గది యాప్‌లో కనబడటం మానేసింది. ఆసుపత్రుల నుంచి ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. లేదని చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. పక్క వీధిలో టూరిస్టులని రాసినాయనకు నంబరు వచ్చింది. అక్కడ దిగేదీ రోగులే.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఇది కూడా కాదు. వ్యానులో పడుకోబెట్టాక అందరం ఆమె కోసం చూస్తున్నాం. ఎంతకీ దిగి రాదు. నేనే మళ్ళీ పైకి వెళ్ళాను. ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కింద గచ్చు కడుగుతోంది. దుప్పట్లు ఉతికి బాల్కనీలో ఆరేసింది. కింద ఆమె మొగుడు ఒంటరిగా వ్యానులో ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు నువ్వు?" అని అరిచి ఆమె చేతిలోని గుడ్డ లాగేశాను. ఆ కోపం సెక్రటరీ మీద, ఆ ఇంటి ఓనరు మీద, మూసిన తలుపుల మీద. ఆమెకదేం తెలుసు? అద్దెకిచ్చే మనిషి అరుస్తోంది, అంతే.

గోడకు జరిగి, తడిచేతులు జోడించింది.

"కోపం జేయకు అక్కా. సబ్బు పెట్టే కడిగిన. ఇంకోపారి కడుగుత."